బందరు కోటలో వైను, కోట బయట కల్లు

1652 మే 11న పారశీక తీరంలోని బందర్ అబ్బాస్‌లో ఒక పెద్ద ఓడ తెరచాప ఎత్తింది. గోల్కొండ సుల్తాను ఓడ అది. ఏటా మన తీరం నుంచి సన్నని నూలు బట్టలూ అద్దకపు గుడ్డలూ నింపుకుని వెళ్తుంది, తిరుగు ప్రయాణంలో గుర్రాలనూ వర్తకులనూ మోసుకొస్తుంది. ఆ ఏడు ఎక్కినవాళ్ళలో పారిస్‌లో పుట్టిన రత్నాల వ్యాపారి టావెర్నియర్ ఒకడు. దారిలో తుపాను పట్టుకుంది, ఓడలోకి నీళ్ళు ఎక్కాయి. ఎలాగోలా జులై 2న మచిలీపట్నం (బందరు) రేవులో లంగరు పడింది.

ఊరు టావెర్నియర్‌ని పెద్దగా ఆకట్టుకోలేదు. ఇళ్ళన్నీ కర్రతో కట్టినవేనని, ఊరికున్న పేరంతా రేవు వల్లనేనని రాశాడు. ఆ రేవును మాత్రం మెచ్చుకున్నాడు. బంగాళాఖాతంలో అంత మంచి రేవు మరొకటి లేదని, పెగూకి, సయాంకి, అరకానుకి, మక్కాకి ఇక్కడి నుంచే ఓడలు పోతాయని చెప్పాడు. అంతకు ముప్పై ఏళ్ళ ముందు ఇక్కడ ఇంగ్లీషు కంపెనీ కొఠీకి పెద్దగా ఉన్న విలియం మెత్‌వోల్డ్ ఇంకొంచెం కటువుగా రాశాడు. ఊరు చిన్నది, జనం కిక్కిరిసి ఉంటారు, ప్రాకారం లేదు, కట్టిన తీరు బాగాలేదు, కట్టిన చోటు అంతకన్నా బాగాలేదు, బావుల్లో నీళ్ళు ఉప్పన. బందరు నీళ్ళ సంగతి ఎరిగినవాళ్ళకు ఈ చివరి మాటలో వింతేమీ కనబడదు.

అలాంటి చోట ఓడ ఎప్పుడు వస్తుందా అని నెలల తరబడి కాచుక్కూర్చునే పరదేశులు ఏం తాగేవాళ్ళు? చరిత్ర పుస్తకాలు బట్టల లెక్కలు చెబుతాయి, వజ్రాల లెక్కలు చెబుతాయి. సీసాల సంగతి మాత్రం అక్కడక్కడా ఒక ఉత్తరంలోనో, యాత్రికుడి రాతలోనో తొంగిచూస్తుంది. వాటిని పోగేసుకుంటూ పోతే బందరు చరిత్ర ఇంకో దారిలో కనబడుతుంది.

డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో, ఫ్రెంచివాళ్ళు 1669లో ఇక్కడ కాలుపెట్టారు. యూరపు నుంచి పీపాలు రావాలంటే ఆఫ్రికా కొస చుట్టి ఆరేడు నెలలు పడుతుంది. అందుకని వాళ్ళు మొదట చూసింది దగ్గర్లో ఉన్న ద్రాక్షతోటల వైపు. పారశీకంలోని షిరాజ్ వైనుకు అప్పట్లో గొప్ప పేరు. ఇంగ్లీషు కంపెనీకీ డచ్చి కంపెనీకీ అక్కడ తమ కోసం వైను తీయించుకునే అనుమతి ఉండేది. ఆ సీసాలు పెట్టెలకెక్కి బందర్ అబ్బాస్ మీదుగా హిందూస్థానానికీ, బటావియాకీ చేరేవి. మచిలీపట్నానికీ ఆ రేవుకూ మధ్య సుల్తాను ఓడలే ఏటా తిరుగుతుండేవి. పైగా బందరు వర్తకుల్లో ఇరానీలు పెద్ద వర్గం. గోల్కొండలో మీర్ జుమ్లాగా పేరుమోసిన మహమ్మద్ సయ్యద్ కూడా ఇరాన్ నుంచి వచ్చినవాడే. అలా ఈ తీరంలోని తెల్లవాళ్ళ బల్లల మీదికి షిరాజ్ వైను వచ్చి కూర్చుంది.

షిరాజ్ సీసా పెద్దదొరలకు. చిన్న గుమస్తాలకు, సైనికులకు, నావికులకు దొరికింది అరకు. బియ్యంతోనో, బెల్లంతోనో, తాటి, కొబ్బరి కల్లుతోనో బట్టీపట్టిన సారా అన్నమాట. గోవా అరకు, బటావియా అరకు అంటూ ఒక్కో రేవుదీ ఒక్కో రకం. ఉత్తిగా తాగితే గొంతు మండిపోయే ఆ సరుకులో నిమ్మరసం, చక్కెర, నీళ్ళు, ఏదో ఒక సుగంధద్రవ్యం కలిపితే పంచ్ అనే పానీయం తయారైంది. తర్వాతి వందేళ్ళలో లండన్ కాఫీహౌసుల్లో గిన్నెల కొద్దీ తాగిన పంచ్ ఇదే. ఈ పానీయం పేరు ఇంగ్లీషు రాతల్లో కనిపించే మొట్టమొదటి ఉత్తరం 1632 సెప్టెంబరు 28 నాటిది. రాసింది రాబర్ట్ ఆడమ్స్ అనే కంపెనీ ఉద్యోగి. అందుకోవలసినవాడు థామస్ కోలీ, పెటపోలిలో ఉన్న వర్తకుడు. పెటపోలి అంటే మన నిజాంపట్నం. దివిసీమకు పడమటి పక్కన, కృష్ణ మొగలకు అవతల ఉన్న రేవు. ఉత్తరంలో పంచ్ ప్రస్తావన సలహాలా ఉంటుంది: అందరూ కలిసిమెలిసి ఉండండి, ఆ పంచ్ జోలికి మాత్రం పోకండి అన్నట్టు. సలహా ఇవ్వాల్సి వచ్చిందంటే అక్కడ ఏం జరుగుతోందో ఊహించుకోవచ్చు. ప్రపంచంలోని కాక్‌టెయిల్ చరిత్రకారులంతా మొక్కే ఈ ఉత్తరానికి మన కృష్ణా డెల్టాలో ఒక్క గుర్తుపలకయినా లేదు.

కోట బయట సంగతి వేరు. అక్కడ తాగింది కల్లు.

దీని గురించి మళ్ళీ టావెర్నియరే చెప్పాలి. ఫ్రాన్సువాడు కాబట్టి నాలుకకు ద్రాక్షసారం అలవాటు. హైదరాబాదులో తాటికల్లు చూసి, రుచి మా కొత్త వైనులా తీయగా ఉంటుందని రాశాడు. ఐదారు కోసుల దూరం నుంచి తోలుతిత్తుల్లో పోసి, గుర్రానికి అటొకటి ఇటొకటి కట్టి, పరుగు నడకతో తోలుకొస్తారట. అలా రోజూ ఐదారు వందల గుర్రాలు నగరంలోకి వస్తాయట. సుల్తానుకు కల్లు పన్ను మీద మంచి రాబడి ఉండేదని, సాయంత్రం దుకాణాల ముందు జరిగే తంతును ఏలినవారు చూసీ చూడనట్టు ఉండటానికి ఆ రాబడే కారణమని కూడా అన్నాడు. మద్యం మీద ప్రభుత్వానికున్న మమకారం ఇవాళ పుట్టింది కాదన్నమాట.

ఆ గుర్రాలు ఎందుకు పరుగెత్తేవి? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే ఫ్రాన్సులో బోర్డో నగరం ఎందుకు ప్రపంచానికి తెలిసిందో, గుడివాడ చుట్టుపక్కల కల్లు గుడివాడ దాటి ఎందుకు పోలేదో కూడా తెలుస్తుంది.

గీత కార్మికుడు మోకు సాయంతో చెట్టెక్కి, పోతుతాడి గెలల కొసలను పదునైన కత్తితో పలచగా చెక్కి కింద లొట్టి కడతాడు. పొద్దునా సాయంత్రం మళ్ళీ చెక్కకపోతే గాయం మానిపోతుంది, ధార ఆగిపోతుంది. దిగే రసంలో నూటికి పదీ పన్నెండు పాళ్ళు చక్కెర. లొట్టి లోపల సున్నం పూస్తే అది పులవదు, తియ్యని నీరాగా ఉంటుంది, కాస్తే బెల్లమవుతుంది. సున్నం పూయకపోతే గాలిలోనూ లొట్టిలోనూ ఉన్న ఈస్టులు, సూక్ష్మజీవులు అప్పటికప్పుడే పని మొదలుపెడతాయి. పొద్దున దింపిన కల్లు తీపి, మధ్యాహ్నానికి ఘాటు, సాయంత్రానికి నాలుగైదు శాతం ఆల్కహాలు, మర్నాటికి పులిసిన పుల్లనీరు. తాటాకు దొప్పలో పోసుకుని అక్కడికక్కడే తాగాల్సిన పానీయం. దీనికి గిడ్డంగి లేదు, ఓడ లేదు, పాతబడితే వచ్చే విలువ అసలే లేదు. ఐదారు కోసుల దూరమే దాని ప్రపంచం, అదీ గుర్రం పరుగెడితేనే.

బోర్డో వైను కూడా మొదట్లో ఇంచుమించు ఇంతే. పీపాలో పోసిన వైను ఏడాది తిరిగేసరికి పాడయ్యేది. కొత్త పంట వైను వచ్చిందంటే పాతదాని ధర పడిపోయేది. ఈ గతిని మార్చినవాళ్ళలో డచ్చివాళ్ళు ముఖ్యులు. 17వ శతాబ్దంలో వాళ్ళు బోర్డోకి పెద్ద కొనుగోలుదారులు. ఖాళీ పీపాలో గంధకపు వత్తి వెలిగించి, ఆ పొగ పట్టించాక వైను నింపితే దూరప్రయాణానికి తట్టుకుంటుందని అక్కడివాళ్ళకు అలవాటు చేసింది వాళ్ళే. ఆ వత్తులకు ఫ్రాన్సులో డచ్చి అగ్గిపుల్లలనే పేరు పడింది. అంతకన్నా పెద్ద పని ఇంకొకటి చేశారు. గారోన్, దోర్దోన్య్ నదులు కలిసి జిరోండ్ అనే వెడల్పాటి మొగగా సముద్రంలోకి పోతాయి. దాని ఎడమ గట్టున మెదోక్ అనే నేల ఉంది. అప్పట్లో అందులో చాలాభాగం బురద, ఉప్పుటేర్లు. డచ్చి ఇంజనీర్లు కాలవలు తవ్వి ఆ నీళ్ళు తోడేశారు. అడుగున ఉన్న గులకరాళ్ళ దిబ్బలు బయటపడ్డాయి. ఇవాళ లక్షల రూపాయలు పలికే సీసాలు ఆ దిబ్బల మీది తోటలవే.

సరిగ్గా ఆ కాలంలోనే అదే డచ్చి దేశంవాళ్ళు బందరులో బట్టలు బేరమాడుతున్నారు. వాళ్ళ సమాధులు ఇప్పటికీ మచిలీపట్నంలో ఉన్నాయి, రాళ్ళ మీద చెక్కిన వంశ చిహ్నాలతో సహా. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలి దివిసీమను చుట్టుకుని సముద్రంలో కలిసే చోటు కూడా బురదా ఉప్పుటేరూ నిండిన మొగే. కానీ ఇక్కడి అడుగున గులకరాయి లేదు, నల్లరేగడీ ఒండ్రూ ఉన్నాయి. వేరు తడిలో నానుతుంటే ద్రాక్ష బతకదు, వరి బతుకుతుంది. గట్టు మీద తాడి బతుకుతుంది.

ఫ్రెంచివాళ్ళు బందరుకు చేరిన కథలోనూ ఒక ఇరానీ నీడ ఉంది. 1669లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా దగ్గర ఫర్మానా సంపాదించినవాడు మార్కారా అనే ఆర్మీనియను. ఇస్ఫహాను నుంచి వచ్చి ఫ్రెంచి కంపెనీ కొలువులో చేరాడు. సుంకాలు లేకుండా వ్యాపారం చేసుకునే హక్కు తెచ్చిపెట్టినందుకు దక్కిన బహుమానం జైలు. పైఅధికారి కరోన్‌తో తగాదా వచ్చి సంకెళ్ళు పడ్డాయి. ఆ రోజుల్లో ఇక్కడి కొఠీలో పనిచేసిన ఫ్రాన్స్వా మార్టిన్ కొద్దికాలానికే, 1674లో, పుదుచ్చేరికి పునాది వేశాడు. అంటే పుదుచ్చేరి కన్నా బందరు ఫ్రెంచివాళ్ళకు ఐదేళ్ళు పెద్ద.

కంపెనీ ఓడలు ఇక్కడికి వెండి తెచ్చి, బట్ట పట్టుకెళ్ళేవి. వైనూ బ్రాందీ తమ అధికారుల బల్లకూ నావికుల భత్యానికీ వచ్చేవే తప్ప సరుకుగా అమ్మడానికి కాదు. కొనేవాళ్ళెవరు? ఇక్కడి కోమట్లకూ కైకోలర్లకూ దేవాంగులకూ దానితో పనిలేదు. విచిత్రమేమంటే బందరు నుంచి పోయే అద్దకపు గుడ్డకు కూడా ఫ్రాన్సులో దారి మూసేశారు. అక్కడి నేతపనివాళ్ళూ పట్టువర్తకులూ గోలపెడితే 1686లో ప్రభుత్వం ఈ పూలగుడ్డలను నిషేధించింది. నిషేధం ఉందని ఆడవాళ్ళు కట్టుకోవడం మానలేదు, దొంగచాటుగా వచ్చిన సరుకు దొంగచాటుగా అమ్ముడుపోయింది. చివరికి 1759లో ఆ చట్టం ఎత్తేశారు. అయితే ఆ ఏడాదే ఫ్రెంచివాళ్ళకు బందరు పోయింది.

పోయిన తీరు కొంచెం చెప్పుకోవాలి. పుదుచ్చేరి గవర్నరు డూప్లే పంపిన చిన్నదళం 1750లో సముద్రం మీదుగా వచ్చి బందరును పట్టుకుంది. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచి సేనాని బుస్సీ చేతిలో పెట్టాడు. ఆ తొమ్మిదేళ్ళే బందరులో అసలైన ఫ్రెంచి జమానా. ఊరికి రెండుమూడు కిలోమీటర్ల దూరంలో, చిత్తడినేలల మధ్య ఉన్న కోటను బాగుచేసుకున్నారు. ఫ్రెంచి ఓడ వచ్చిన రోజున కోటలో బల్లలు కళకళలాడేవనడానికి సందేహమక్కర్లేదు. వైను లేని భోజనం వాళ్ళకు భోజనమే కాదు. బొబ్బిలి యుద్ధం 1757లో జరిగింది ఈ జమానాలోనే. 1758లో కొత్త ఫ్రెంచి గవర్నరు లాలీ దక్షిణాదికి రమ్మని కబురుపెట్టేసరికి బుస్సీ వెళ్ళిపోయాడు. మిగిలిన కాన్‌ఫ్లాన్స్‌కు ఆయన చాకచక్యంలో పదో వంతు లేదు. డిసెంబరులో చందుర్తి దగ్గర ఓడి బందరు కోటలో తలదాచుకున్నాడు. వెంటబడి వచ్చిన కర్నల్ ఫోర్డ్ మార్చి మొదట్లో కోటను ముట్టడించాడు. లోపలివాళ్ళే సంఖ్యలో ఎక్కువ. బయటున్న ఇంగ్లీషు సైన్యానికి జీతాలు లేవు, మందుగుండు అయిపోవస్తోంది, నిజాం సైన్యం దగ్గరకొస్తోంది. ఏప్రిల్ 7 రాత్రి ఫోర్డ్ తెగించాడు. ఎవరూ దాటలేరనుకున్న బురద మీదుగా ఒక దళాన్ని నడిపించి, మిగతావాళ్ళతో బురుజుల మీద పడ్డాడు. తెల్లారేసరికి కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. తెలుగు జిల్లాలు ఫ్రెంచి పాలనలో నిలిచిపోయే అవకాశం ఆ బురదలోనే మునిగింది.

ఆ తర్వాత ఒప్పందాల వల్ల బందరులో ఫ్రెంచివాళ్ళకు ఒక చిన్న కొఠీ, ఫ్రెంచిపేట అనే కాస్త నేల మిగిలాయి. కోట కట్టుకోవడానికి వీల్లేదు, జెండా ఎగరేసుకోవచ్చు. స్వాతంత్ర్యం వచ్చాక 1947 అక్టోబరు 6న ఆ ముక్కనూ భారతదేశానికి అప్పగించారు.

ఇంగ్లీషు దొరల కాలంలో బోర్డో ఎర్ర వైనుకు ఇండియాలో ఇంకో గిరాకీ వచ్చింది. వాళ్ళు దాన్ని క్లారెట్ అనేవాళ్ళు. బట్లర్లు లాల్ షరాబ్ అనేవాళ్ళు. ధర ఎక్కువ, ఎండకు చెడిపోతుందని భయం. అందువల్ల మామూలు ఉద్యోగి మదీరా వైనుతో సరిపెట్టుకునేవాడు. ఓడలు దారిలో ఆ దీవి దగ్గర ఎలాగూ ఆగుతాయి, పైగా ఓడ కడుపులోని వేడికి మదీరా రుచి ఇంకా పెరుగుతుంది. ఈ సంగతి గమనించి బోర్డో వర్తకులు కూడా తమ పీపాలను ఇండియా దాకా పంపి వెనక్కి తెప్పించి, ఇండియా తిరిగొచ్చిన వైను అంటూ ఎక్కువ ధరకు అమ్మడం మొదలుపెట్టారు. ఇందులో అందరికన్నా ముందున్నవాడు సెంట్ ఎస్తెఫ్ ఊరికి చెందిన లూయీ గాస్పార్ దెస్తూర్నెల్. 19వ శతాబ్దం తొలినాళ్ళలో ఇండియా గిరాకీ మీద మనసుపడి, తన తోట మధ్య పగోడా గోపురాలతో, ఏనుగుబొమ్మలతో గిడ్డంగి కట్టించాడు. దానికి జాంజిబార్ నుంచి తెచ్చిన చెక్కిన తలుపు పెట్టించాడు. ఊళ్ళోవాళ్ళు సెంట్ ఎస్తెఫ్ మహారాజు అని పేరుపెట్టారు. అప్పులపాలై 1852లో తోట అమ్ముకున్నాడు, మరుసటి ఏడు పోయాడు. కోస్ దెస్తూర్నెల్ అనే ఆ తోట ఇప్పటికీ ఉంది, గోపురాలూ ఉన్నాయి. ఇండియాను అంతగా కలగన్నవాడి సీసాలు చేరింది నవాబుల, పెద్దదొరల బల్లలకే. బందరు అప్పటికే వెనకబడ్డ రేవు. రేవు ఒండ్రుతో పూడిపోతోంది, మాంచెస్టర్ గుడ్డ ముందు అద్దకం నిలవలేకపోతోంది. 1864 నవంబరు 1 ఉప్పెన మిగిలిన ఊపిరి కూడా తీసింది. దాదాపు ముప్పై వేలమందిని సముద్రం మింగేశాక కోటలో దండు కూడా లేకుండా పోయింది.

1855 రెండుచోట్లా గుర్తుంచుకునే సంవత్సరం. ఆ ఏడు పారిస్ ప్రదర్శన కోసం మూడో నెపోలియన్ అడిగితే బోర్డో దళారులు తమ తోటలను ఐదు తరగతులుగా విడదీసి జాబితా ఇచ్చారు. కొలబద్ద ఒకటే, వైను ఎంతకు అమ్ముడవుతోందన్నది. నిన్నమొన్నటి దాకా అందులో వచ్చిన చెప్పుకోదగ్గ మార్పు 1973లో మూతోఁ రోత్షీల్డ్ తోటను మొదటి తరగతికి ఎక్కించడం. ఇక్కడ ఆ ఏడాదే బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయింది. కాలవ నీళ్ళు గుడివాడ, బందరు పొలాలకు చేరాయి. వరి ఎక్కడికక్కడ పరుచుకుంది, తాడిచెట్టు గట్ల మీదికి జరిగింది. తోటకు కాకుండా చెట్టుకు వెల కట్టే పని ఇక్కడ అబ్కారీ శాఖ తీసుకుంది. 1886 మద్రాసు అబ్కారీ చట్టం కింద కల్లు గీసే ప్రతి చెట్టుకూ నంబరు వేసి పన్ను పెట్టారు, దుకాణాలను వేలం పాడారు. భూమిశిస్తు తర్వాత సర్కారుకు అంత రాబడి తెచ్చింది ఇదే.

కనుకనే సహాయ నిరాకరణోద్యమం కల్లు దుకాణం మీద పడింది. 1921లో మార్చి 31న, ఏప్రిల్ 1న బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ కూడింది. బందరులో ముట్నూరి కృష్ణారావు కృష్ణాపత్రిక, పట్టాభి సీతారామయ్య ఉపన్యాసాలు ఉండనే ఉన్నాయి. దుకాణాల ముందు పికెటింగులు, వేలంపాటల బహిష్కారం జిల్లాలో మామూలు దృశ్యమయ్యాయి. 1948 అక్టోబరు 2 నుంచి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం వచ్చింది. గీత కుటుంబాలకు బెల్లం, నీరా చూపించారుగానీ కత్తి పట్టిన చేతులకు సరిపడా పని దొరకలేదు. 1960ల చివర కోస్తాలో నిషేధం సడలింది. తర్వాతి మలుపులన్నీ ఈ జిల్లావాడైన ఒక మనిషి చుట్టూ తిరుగుతాయి. నిమ్మకూరులో పుట్టి, 1983లోనూ 1985లోనూ గుడివాడ నుంచి కూడా గెలిచిన ఎన్.టి.రామారావు మొదటి పాలనలో సర్కారే ప్యాకెట్లలో సారా పోసి అమ్మిన వారుణి వాహిని నడిచింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించాక గాలి తిరిగింది. 1993లో సారా ఆగింది. 1995 జనవరిలో రామారావే సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. రెండేళ్ళు దాటాక, 1997 ఏప్రిల్‌లో, అదీ పోయింది. ఆ రెండేళ్ళూ గోదావరి జిల్లాలవాళ్ళకు యానాం దారి బాగా తెలిసింది. ఫ్రెంచివాళ్ళు వదిలివెళ్ళిన ఊరు గుర్తుకొచ్చింది మాత్రం విస్కీ కోసం.

ఇన్ని శతాబ్దాల్లో బోర్డో వైను దివిసీమ రైతు ముఖం చూడలేదు. కానీ బోర్డో అన్న పేరు తెలియని రైతు లేడు. ఆ కథ కూడా ద్రాక్షతోటలోనే మొదలైంది.

1860ల్లో ఫిలోక్సెరా అనే పురుగు ఫ్రాన్సు ద్రాక్ష వేళ్ళను కొరికి తోటలను నాశనం చేసింది. దాన్ని తట్టుకునే అమెరికా మొక్కలు తెప్పించి అంట్లు కట్టారు. ఆ మొక్కలతో పాటు ఇంకో తెగులు ఓడ దిగింది. 1878లో ఆకుల అడుగున తెల్లటి బూజు కనిపించింది, ఆకులు రాలిపోయాయి, పండు పక్వానికి రాలేదు. 1882 అక్టోబరులో బోర్డో విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెప్పే అలెక్సీ మియార్దె మెదోక్‌లోని సెంట్ జూలియన్ తోటల మధ్య నడుస్తున్నాడు. తోటంతా ఆకు రాలి మోడులా ఉంటే బాట పక్క వరసల్లో మాత్రం తీగలు పచ్చగా ఉన్నాయి. వాటి మీద నీలం పూత మెరుస్తోంది. తోట చూసుకునే ఎర్నెస్ట్ డేవిడ్‌ను అడిగాడు. దారినపోయే పిల్లలూ జనమూ గుత్తులు తెంపుకుపోకుండా, విషమని భయపడి వదిలేయాలని మైలుతుత్తం, సున్నం కలిపి చల్లుతామని జవాబొచ్చింది. మియార్దె సంగతి గ్రహించాడు. రసాయన శాస్త్రజ్ఞుడు గాయోన్‌తో కలిసి పాళ్ళు చూసి, 1885లో ఫలితాలు ప్రకటించాడు. పంట దొంగలను భయపెట్టడానికి పెట్టిన దిష్టిబొమ్మ ప్రపంచంలో మొదటి పెద్ద తెగుళ్ళ మందయింది, బోర్డో మిశ్రమం అనే పేరు తెచ్చుకుంది. వ్యవసాయ చరిత్రలో ఇంత చవకగా దొరికిన విద్య తక్కువ.

ఇక్కడ అదే కాలంలో తాడిచెట్లకు కష్టం వచ్చింది. గోదావరి డెల్టాలో చెట్టు మొవ్వు కుళ్ళి, లేత ఆకు వాలి, నెలల్లో తలలేని మొండెంగా నిలబడిపోయేది. తాడికి కొమ్మ ఉండదు, మొవ్వు పోతే చెట్టు పోయినట్టే. బిహారులోని పూసాలో ఇంపీరియల్ మైకాలజిస్టు (శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు) ఇ.జె.బట్లర్ వచ్చి పరిశోధించి, దానికి కారణమైన బూజుకు పితియం పాల్మివోరం అని పేరు పెట్టాడు. తర్వాత ఫైటాఫ్తొరా కింద మార్చారు. 1910లో తాటిజాతి మొవ్వుకుళ్ళు మీద బట్లర్ పెద్ద నివేదిక వెలువరించాడు. సర్కారు చెట్లెక్కేవాళ్ళను జీతాలిచ్చి పెట్టుకుని, తెగులు తగిలిన చెట్ల తలలు నరికించి కాల్పించింది. కల్లు, బెల్లం, ముంజలు, తేగలు, ఇంటికప్పు ఆకు, దూలాలు అన్నీ ఒక చెట్టు మీదే ఆధారపడిన ఊళ్ళల్లో ఆ పొగ ఎలా ఉండిందో ఊహించుకోవడం కష్టమేమీ కాదు. చిత్రమేమంటే మెదోక్ ద్రాక్షాకు కింద పెరిగిన తెల్లబూజూ, గోదావరి తాటిమొవ్వులోని బూజూ దగ్గరి చుట్టాలు. రెండూ నీటితడిలో ఈదే బీజాలతో వ్యాపించే ఒకే జాతి కుదురు. దాంతో అక్కడి మందు ఇక్కడి చెట్లకూ పనిచేసింది. మైసూరు వైపు పోకతోటల్లో కాయలు కుళ్ళించే కొలెరోగకు శాస్త్రజ్ఞుడు కోల్‌మన్ దాన్ని చల్లించి ఫలితం చూపించాడు. కొబ్బరి మొవ్వుకుళ్ళుకు కుళ్ళిన భాగం తీసేసి పదిశాతం బోర్డో పేస్టు పూయడం ఇప్పటికీ వ్యవసాయశాఖ చెప్పే మాటే.

దివిసీమలో ఇది బాగా అక్కరకొచ్చింది తమలపాకు తోటల్లో. అవిస చెట్లకు పాకించే తీగ వానాకాలంలో మొదలు దగ్గర కుళ్ళితే రెండు మూడేళ్ళ శ్రమ వారంలో ఎండిపోతుంది. ఒక శాతం మందుకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్ళు. రెండూ వేర్వేరుగా కరిగించి, మైలుతుత్తం నీళ్ళను సున్నపు నీళ్ళలో పోస్తారు. తిరగేసి పోస్తే ముద్దలు కడుతుంది. ఇనుప, ఇత్తడి పాత్రలు పనికిరావు, మట్టివో ప్లాస్టిక్‌వో కావాలి. కలిపాక కొడవలి కొస ముంచి చూస్తారు. ఇనుము మీద ఎర్రగా రాగి పట్టిందంటే సున్నం చాలలేదని, ఇంకొంచెం వేస్తారు. కలిపిన రోజే వాడేయాలి. ఆకు కోసేసి, ఆ తర్వాత మొదళ్ళలో పోస్తారు.

బోర్డోలో ఇప్పుడు ఈ మందు వాడకం మీద లెక్క పెట్టారు. నూటముప్పై ఏళ్ళకు పైగా చల్లిన రాగి పాత ద్రాక్షతోటల మట్టిలో పేరుకుపోయి వానపాములకూ నేలలోని జీవాలకూ చేటుచేస్తోందని యూరోపియన్ యూనియన్ 2019 నుంచి హద్దు విధించింది. హెక్టారుకు ఏడేళ్ళలో 28 కిలోలకు మించి రాగి పడకూడదు. రసాయన మందులు ముట్టని సేంద్రియ ద్రాక్ష రైతులకే ఇది ఎక్కువ ఇబ్బందయింది, ఎందుకంటే వాళ్ళకు బూజు మీద వాడుకోవడానికి ఉన్న ప్రధానమైన మందు ఇదొక్కటే. కృష్ణా జిల్లా మందుల దుకాణాల్లో మాత్రం మైలుతుత్తం ఇవాళా వానలకు ముందే అమ్ముడుపోతుంది.